ఖాళీ కార్డులో గొంతు

మా దగ్గరకొచ్చే వాళ్లంతా ఒకే మాటతో మొదలుపెడతారు. "మేమేం చెయ్యలేదండీ, దానంతటదే పోయింది." ఇరవై రెండేళ్లుగా వింటున్నాను. దానంతటదే పోయిన ఫైలు ఒక్కటీ నా కంట పడలేదు. పిల్లాడు ఆడుకుంటూ చెరిపేసుంటాడు, కాకపోతే మొగుడు పెళ్లాం కంట పడకూడదని చెరిపేసుంటాడు. అందుకే ఎవరేం చెప్పినా నేను సగమే నమ్ముతాను. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం అని మా తమ్ముడు కొండలరావు నన్ను ఏడిపిస్తుంటాడు. ఏడిపించనీ. ఈ పనిలో అందర్నీ నమ్మి బాగుపడ్డవాళ్లని నేను చూడలేదు.

కాకినాడ భానుగుడి సెంటర్ వెనక సందులో, మేడ మీద మా ల్యాబ్. పాడైన కంప్యూటర్లలోంచి, ఫోన్లలోంచి, పెన్‌డ్రైవుల్లోంచి పోయిన ఫైళ్లు బయటికి తీసిస్తాం. కింది వాటాలో మా కాపురం. నాకు పెళ్లి కుదరలేదు, తమ్ముడికి కుదిరింది గానీ నిలవలేదు. మొత్తానికి అక్కా తమ్ముళ్లం ఇద్దరమే మిగిలాం. యంత్రాలు వాడు చూసుకుంటాడు, మనుషుల్ని నేను చూసుకుంటాను.

వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పదకొండు ప్రశ్నలడిగి ఫారం రాసుకోవడం నేను పెట్టిన పద్ధతి. పదకొండో ప్రశ్న, "ఇందులో ఏం దొరుకుతుందని మీరనుకుంటున్నారు?" ఏది ముందు వెతకాలో తెలియడానికి ఆ ప్రశ్న. కాలేజీలో ఉండగా నావి రెండు కథలు అచ్చయ్యాయి. ఆ దురద ఇంకా పోలేదు. జనం ఏడుస్తూ, తడబడుతూ ముక్కలు ముక్కలుగా చెప్పింది నేను చక్కగా వాక్యాలుగా కుట్టి రాసేదాన్ని. నా ఫారాలు చదువుతుంటే కళ్లకు కట్టినట్టుంటుందని మా కొండ అంటే మురిసిపోయేదాన్ని. ఆ మురిపెమే ఒక మనిషి కొంప ముంచింది.

కొండ ఏడేళ్లు కూర్చుని ఒక యంత్రం తయారుచేశాడు. దానికి 'జాడ' అని పేరు పెట్టాడు. చూడ్డానికి చిన్న సూట్‌కేసంత ఉంటుంది. పాడైపోయిన చిప్పులో అక్కడో ముక్క ఇక్కడో ముక్క మిగులుతాయి, మధ్యలో అంతా ఖాళీ. పాత పద్ధతిలో ఆ ఖాళీలకి దణ్ణం పెట్టి ఊరుకునేవాళ్లం. తడిగుడ్డతో తుడిచిన పలకని ఓరగా పట్టుకుని చూస్తే పాత అక్షరాలు లీలగా కనిపిస్తాయే, జాడ అలా చూస్తుంది. అలా కూడా కనపడని చోట ముందేముందో, వెనకేముందో చూసుకుని మధ్యది పూరిస్తుంది. అయిదు నెలల్లో నలభై మూడు మందికి పోయినవి తీసిచ్చాం. మధ్యలో ఒకరోజు కొండ ఉప్మా తింటూ, "నీ ఫారాలు కూడా దానికి చదివిస్తున్నానక్కా. పని నాలుగింతలు వేగంగా అవుతోంది," అన్నాడు. మంచిదేగా అన్నాను.

నూకరత్నం వచ్చింది ఆ తరవాత వారంలోనే.

ముప్పై ఏళ్లుంటాయేమో. ఉప్పాడ అవతల చేపలు పట్టేవాళ్ల ఊరు. స్టీలు డబ్బా నిండా బియ్యం పోసి, అందులో ఫోను పాతిపెట్టి తెచ్చింది. తడిసిన ఫోను బియ్యంలో పెడితే బాగవుతుందని ఎవరో చెప్పారట. ఉప్పునీళ్లలో ఎనిమిది రోజులు నానిన ఫోనుకి బియ్యమేం చేస్తుంది? ఆ మాట అనలేకపోయాను.

"మాయాయన ఫోనండి. ధనరాజు. మడిసి మూడో రోజు ఒడ్డుకి కొట్టుకొచ్చేడు. ఫోను ఎనిమిదో రోజు ఇంకెవులి వల్లోనో పడింది," అంది. ఏడవలేదు. నా బల్ల మీద గింజలు పడ్డాయని ఒక్కొక్కటీ ఏరి డబ్బాలో వేస్తోంది.

ఫోను ప్లాస్టిక్ పచ్చడి సీసాలో పెట్టి, మూత బిగించి వేటకి పట్టుకెళ్తారట. ధనరాజు సీసా దొరికేసరికి మూత ఊడి, నిండా ఉప్పునీళ్లున్నాయట. టవర్ అందని దూరంలో ఉన్నా ఇంటివాళ్లకి చెప్పాల్సింది మాట్లాడి వాట్సాప్‌లో పెట్టేస్తారు. పడవ ఒడ్డు దగ్గరికి రాగానే ఆ మాటలు వాటంతటవే వెళ్లిపోతాయి. ధనరాజు కూడా రోజూ అలాగే చేసేవాడు. ఆ రోజు మాట్లాడినవి ఏవైనా ఉంటే ఇంకా ఆ ఫోనులోనే ఉండాలి.

"ఏం జరిగిందమ్మా?" అనడిగాను.

"ఇద్దరూ ఎల్లేరండి. మాయాయన, లోవరాజు. సిన్నప్పట్నించీ ఒకే పడవ. గాలికి పడవ తిరగబడిపోయిందంట. లోవరాజు పడవలో ఉండే కాళీ డబ్బా పట్టుకుని తేలి ఒచ్చేడు. ఒకటే డబ్బా అంట. మరి ఇద్దరుంటే ఆడి సేతిలోకే ఎలా ఒచ్చిందండి?"

"అతనేమంటున్నాడు?"

"కెరటం ఒచ్చింది, పోయేడు, అంటాడు. అంతే. పడవలో ఏటి మాటాడుకున్నార్రా అని పెద్దలడిగితే నోరిప్పడు. తప్పు సెయ్యనోడు ఎందుకిప్పడండి?"

నేనైనా అదే అడిగేదాన్ని. నా అనుమానం ఆమె అనుమానానికి తోడైంది. ఇద్దరాడవాళ్లం కలిసి, కళ్లెదుట లేని మనిషిని అరగంటలో దోషిని చేసేశాం. పదకొండో ప్రశ్న కింద ఇలా రాశాను: 'పడవ మునిగే వేళకి ఆసరాగా ఉన్నది ఒకే ఒక్క నీలం రంగు డబ్బా. దాన్ని లోవరాజు లాక్కుని ఉంటాడని భార్య అనుమానం. భర్త ఎంత దూరంలో ఉన్నా పాప గురించి అడగకుండా మాట ముగించేవాడు కాదు.' ధనరాజు గొంతు జాడకి తెలియాలి కాబట్టి, ఆమె దగ్గరున్న అతని పాత వాయిస్ మెసేజీలు ఓ ఇరవై తీసుకున్నాను.

మూడో రోజు నూకరత్నాన్ని పిలిపించాం. మూడు మెసేజీలు దొరికాయి. కొండ బటన్ నొక్కాడు.

మొదటిది మామూలుదే. గాలి ఎక్కువగా ఉంది, చేప పడలేదు, అంటున్నాడు. రెండోది మొదలవగానే నూకరత్నం కుర్చీ అంచుకి జరిగింది. "రత్నం, పడవలోకి నీళ్లొచ్చేత్తన్నాయే. నీలం డబ్బా ఒక్కటే ఉంది. లోవరాజు దాన్ని ఒదలట్లేదు. ఆడి సూపు బాగోలేదే." మూడోది చిన్నది. "పాప పడుకుందా? నానొచ్చేదాకా పడుకోనంటాది. జోకొట్టు."

రెండోదానికి ఏడవని నూకరత్నం మూడోదానికి ఏడ్చింది. అలా ఎంతసేపు ఏడ్చిందో తెలియదు. నేను ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను. నాకూ కళ్లు తడిశాయి. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, నా లోపల కాస్త గర్వం కూడా ఉంది. చూశావా, నేననుకున్నదే అయింది అని.

తరవాత తొమ్మిది రోజులకి, పగలు పదకొండింటికి, ఒక మనిషి మెట్లెక్కి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. నల్లగా, బక్కగా ఉన్నాడు. చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బా, దాని చెవికి తాడు కట్టి ఉంది.

"నా పేరు లోవరాజండి," అన్నాడు. నేను కుర్చీలోంచి లేచిపోయాను. అతనది గమనించి రెండడుగులు వెనక్కి వేశాడు.

"కొట్టడానికి రాలేదండి. మీరిచ్చిన గొంతు ఊరంతా ఇన్నారు. నన్ను ఎలివేశారు. నాతో ఎవులూ పడవెక్కరు. నా పెళ్లాన్ని కుళాయి కాడికి రానివ్వట్లేదు. పున్నమి దాకా సూసి, ఆ గొంతు అట్టుకెళ్లి పోలీసోళ్లకి ఇచ్చేత్తారంట."

"మరి ఆ గొంతు అతనిది కాదంటావా?"

"గొంతు ఆడిదేనండి. నాకూ ఏడుపొచ్చింది ఇంటే. కానండీ..." డబ్బా ముందుకు పెట్టాడు. "నీలం డబ్బా మా పడవలో ఎప్పుడూ లేదండి. ఇదే ఉండేది. ఈ తాడు కట్టింది ధనరాజే. తెల్లడబ్బాని నీలం డబ్బా అని ఎందుకంటాడండి ఆడు?"

పదిహేను లీటర్ల వంటనూనె డబ్బా అది. తెల్లది, ఎండకి పసుపు తిరిగింది. అడుగున నాచు పట్టి ఉంది.

"డబ్బా మార్చేసి తెచ్చావని మీవాళ్లనలేదా?"

"అన్నారండి," అన్నాడు.

"పడవలో ఏం మాట్లాడుకున్నారు మీరిద్దరూ?"

తల దించుకున్నాడు. కాలి బొటనవేలితో గుమ్మం రాస్తూ నిలబడ్డాడే తప్ప పెదవి విప్పలేదు. అంత దూరం నుంచి తన నిర్దోషిత్వం చెప్పుకోడానికి వచ్చినవాడు, ఒక్క ప్రశ్నకి మూగవాడైపోయాడు. నా అనుమానం మళ్లీ పడగెత్తింది. సరే వెళ్లు, చూస్తాను, అన్నాను. డబ్బా తీసుకుని మెట్లు దిగిపోయాడు. అటు వెళ్లే ఆటోలన్నీ అతని ఊరివాళ్లవే కాబట్టి ఎక్కించుకోరు. బస్సు కోసం సెంటర్లో ఎండలో నిలబడ్డాడు. మేడ మీంచి చూస్తూనే ఉన్నాను.

అతను కనపడకుండా పోయాక నీలం రంగు నన్ను పట్టుకుంది. నూకరత్నం ఆ మాట అన్నదా? బీరువాలోంచి ఫారం తీశాను. నీలం రంగు డబ్బా అని నా చేతిరాతే. ఆమె చెప్పిందంతా మళ్లీ గుర్తు తెచ్చుకున్నాను. 'డబ్బా' అంది, 'ఒకటే డబ్బా' అంది. రంగు చెప్పలేదు. నేను అడగనూ లేదు. సముద్రం మీద పడవెక్కి ఎరగని దాన్ని. నాకు తెలిసిన డబ్బాలు మా మేడ మీద మంచినీళ్లకి పెట్టుకున్నవే. అవి నీలం రంగువి. ఉత్త డబ్బా అంటే వాక్యం బోసిగా ఉందనిపించి, ఆ రంగు నేనే వేశాను.

నేను వేసిన రంగు చచ్చిపోయిన మనిషి నోట్లోకి ఎలా వెళ్లింది?

కొండ వంటింట్లో ఉన్నాడు. ఆదివారం పూట పెసరట్లు వెయ్యడం వాడి పని. విషయం చెప్పాను.

"నీకు దేన్ని చూసినా అనుమానమే," అన్నాడు అట్టు తిప్పుతూ. "అతనా డబ్బా మార్చేసుంటాడు. నూటికి తొంభై ఏడు పాళ్లు నమ్మకం చూపించింది జాడ."

"దేని మీద నమ్మకంరా అది?"

"అంటే... తను పూరించింది మిగతాదానికి అతుకుతోందా లేదా అని."

"మిగతాదానిలో నా ఫారం కూడా ఉందిగా?"

పెనం మీద అట్టు మాడింది. మా కొండ అట్టు మాడ్చడం అదే మొదటిసారి.

అప్పటికప్పుడు పైకెళ్లాం. నేను వీధి చివర షాపుకెళ్లి కొత్త మెమరీ కార్డు కొనుక్కొచ్చాను. సీలు తియ్యని పాకెట్. దాని మీద ఇంతవరకూ ఒక్క అక్షరం ఎక్కలేదు, ఒక్క శబ్దం ఎక్కలేదు. దాన్ని జాడలో పెట్టి, నూకరత్నం ఫారం ఇచ్చి, ధనరాజు పాత గొంతు ముక్కలిచ్చాం.

ఇరవై నిమిషాల్లో మూడు మెసేజీలు వచ్చాయి. మాటలు కొద్దిగా అటూ ఇటూ అయ్యాయి గానీ, "నీలం డబ్బా ఒక్కటే ఉంది" అలాగే ఉంది. "పాప పడుకుందా" అలాగే ఉంది. ఏమీ లేని కార్డులోంచి చచ్చిపోయిన మనిషి కూతురి గురించి అడుగుతున్నాడు.

కొండ కుర్చీలో చతికిలబడ్డాడు. చిప్పులో ముక్కలు బాగా మిగిలి ఉంటే జాడ వాటినే పట్టుకుంటుంది. మరీ తక్కువ మిగిలితే, చేతికందిన దాన్ని పట్టుకుని అల్లుకుపోతుంది. చేతికందింది నా ఫారం. ఎంత బాగా రాస్తే అంత బాగా అల్లింది. ఎవరికి ఏ అనుమానముంటే వాళ్లకి అదే తీసిచ్చింది.

"అసలు ఫోను మళ్లీ పెట్టు. ఫారం లేకుండా," అన్నాను.

పెట్టాడు. ఈసారి వచ్చింది నాలుగు సెకన్లు. ఇంజన్ చప్పుడు, ఎవరిదో దగ్గు. అంతే.

ఆ దగ్గు ధనరాజుదో లోవరాజుదో కూడా తెలియదు. నలభై మూడు ఫారాలు గుర్తొచ్చాయి నాకు. వాటిల్లో ఎన్నిటికి ఫోనులో సరుకుంది, ఎన్నిటికి నా రాతే సరుకైంది? రామారావుపేట నుంచి వచ్చిన ఒకావిడ, మేమిచ్చిన మెసేజీలు పట్టుకుని భర్త మీద కోర్టుకెక్కింది. ఆ ఫారం కూడా నేను చాలా బాగా రాశాను.

కొండ ఒక తెల్ల ఫారం నా ముందుకు తోశాడు. "ఇంకోలా రాసి చూద్దామక్కా. ధనరాజే డబ్బా ఇచ్చేశాడని రాయి."

ఎందుకో అడక్కుండానే రాశాను. ఖాళీ కార్డు మళ్లీ పెట్టాం. ధనరాజు గొంతు వచ్చింది. "లోవా, నువ్వట్టుకో. నాకేం కాదు. రత్నానికి సెప్పు, పాపని బాగా సూసుకోమను." అబద్ధమని తెలిసి కూడా నేను రెండోసారి పెట్టించుకుని విన్నాను.

"ఇదిచ్చేద్దాం," అన్నాడు కొండ మెల్లగా. "ముందుది పొరపాటు, ఇప్పుడు పూర్తిగా దొరికింది అని చెబుదాం. అతను బతికిపోతాడు. ఆ అమ్మాయికి మొగుడు దేవుడైపోతాడు. మన జాడకీ మాట రాదు. ఎవరికి నష్టం చెప్పు?"

ఎవరికీ నష్టం లేదు. అదే నన్ను భయపెట్టింది. రోజంతా ఆలోచించాను. కూర తరుగుతూ ఆలోచించాను, బట్టలారేస్తూ ఆలోచించాను. ఆ అబద్ధం నా అంత బాగా రాసేవాళ్లు కాకినాడలో లేరు. పైగా దాంతో ఒక మనిషి కుటుంబం బతుకుతుంది. కానీ రేపు ఆ ఊళ్లో ఇంకెవరో ఇంకెవరినో అనుమానిస్తే? మళ్లీ పాత ఫోను పట్టుకుని మా దగ్గరికే వస్తారు. ఊరు ఊరంతా మా సూట్‌కేసు ముందు చేతులు కట్టుకుని నిలబడుతుంది.

"కుదర్దురా. వాళ్ల ఊళ్లో, వాళ్ల ముందే పెట్టి చూపిద్దాం," అన్నాను.

"నా ఏడేళ్లక్కా," అన్నాడు. వాడి గొంతు అలా పలకడం నేను మా అమ్మ పోయినప్పుడే విన్నాను. మర్నాడు పొద్దున్నే, పున్నమి ఇంకా రెండు రోజులుందనగా, వాడే జాడని గుడ్డలో చుట్టి కారెక్కించాడు.

ఉప్పాడ దాటాక సముద్రం కొరికేసిన రోడ్డు పక్కనే వాళ్ల ఊరు. ఊళ్లో పెద్ద కట్టడమంటే తుఫాను షెల్టరే. పెద్దలు అక్కడే కూర్చుంటారు. మేమొచ్చామని తెలిసి ఊరి జనం కూడా చేరారు. కులపెద్ద అప్పలస్వామికి డెబ్బై దాటి ఉంటాయి. నేను చెప్పిందంతా విని, మీసం దువ్వుకుని, పక్కవాళ్లకేసి చూశాడు.

"మొన్నేమో ఆ గొంతు ధనరాజుదేనన్నారు. ఇయ్యాల కాదంటన్నారు. లోవరాజు మీ కాడికి ఒచ్చేడని తెలిసిందమ్మా. ఏటి సెప్పి మిమ్మల్ని ఒప్పించేడో తెల్దు గానీ..."

జనం గొణిగారు. నన్నూ అనుమానించారు. నాకు కోపం రాలేదు. వాళ్ల స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని.

"నా మాట నమ్మకండి. మీ ఊరి సెల్ షాపులో కొత్త కార్డు తెప్పించండి. పాకెట్ మీ చేత్తో మీరే చింపండి," అన్నాను.

తెప్పించాడు. కళ్లజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, పంటితో చింపి, కార్డు కొండ చేతిలో పెట్టాడు. ఖాళీ పాకెట్ మాత్రం గుప్పెట్లోనే ఉంచుకున్నాడు. నేను ఫారం, పెన్ను తీశాను.

"ఇప్పుడు చెప్పండి. ధనరాజు ఏం మాట్లాడాలి? ఎవరైనా ఏదైనా చెప్పండి, రాస్తాను."

చచ్చిపోయినవాడి నోట్లో మాట పెట్టాలంటే ఎవరికైనా భయమే. జనం లోంచి నూకరత్నం లేచింది. చంకలో పాపని పక్కనున్న ముసలావిడకిచ్చి నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నాను సెప్తాను. రాయండి," అంది. "ఆ రోజు పొద్దున్న గాలి బాగోలేదు. ఆడు ఎల్లనన్నాడు. నానే తిట్టి పంపేను. ఇంట్లో కూకుని తింటావా అన్నాను. పిల్లకి పాలకి కూడా గతిలేదు, మొగోడివేనా అన్నాను. ఆడు తువ్వాలు బుజానేసుకుని ఎల్లిపోయేడు. అదే మనసులో ఎట్టుకుని పోయేడు. రాసేరా?"

ఆ సంగతి అంతవరకూ ఊళ్లో ఎవరికీ తెలియదని జనం మొహాలే చెబుతున్నాయి. నేను ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు రాశాను. ఒక్క రంగు వెయ్యలేదు, ఒక్క వాక్యం దిద్దలేదు.

ఆ ఫారం, ధనరాజు పాత గొంతు ముక్కలు జాడకిచ్చాం. ఇరవై నిమిషాలు ఎవరూ ఇంటికి వెళ్లలేదు. తరవాత కొండ బటన్ నొక్కాడు.

"రత్నం, గాలి ఎదురుగా ఉందే. ఎల్లొద్దన్నాను గదా, నువ్వు ఇనలేదు. ఇంట్లో కూకుని తింటానా నాను? ఎల్తన్నాను సూడు. మొగోణ్ణే నాను. పాపకి పాలు పట్టేవా?"

ముసలావిడ చంకలో ఉన్న పాప ఆ గొంతు విని "నాన" అంది. ఎవరో ఆడమనిషి గొల్లుమంది. ఇంకొకావిడ నూకరత్నం మీదకి వేలు చూపించి, "నువ్వా పంపింది? తిట్టి సావుకి పంపేవా నా తల్లీ," అని అరిచింది. కళ్లముందు చింపిన కార్డు సంగతి అప్పుడే మరిచిపోయారు. మరో నిమిషమాగితే వెలి లోవరాజు మీంచి నూకరత్నం మీదకి మారేట్టుంది. నేను నిలబడి ఏదో చెప్పబోయాను గానీ నా మాట ఎవరికీ వినపడలేదు.

అప్పలస్వామి కర్రతో నేల మీద కొట్టాడు. గుప్పెట విప్పి ఖాళీ పాకెట్ పైకెత్తి చూపించాడు.

"అరవకండర్రా! నా పంటితో సింపేను ఇది. అందులో ధనరాజు ఎక్కడ్నించి ఒత్తాడు? ఇది ఆడి మాట కాదు. మొన్నటిదీ ఆడి మాట కాదు."

నూకరత్నం మాత్రం వాళ్లెవరినీ చూడటం లేదు. నన్నే చూస్తోంది.

"అయితే... పాప పడుకుందా అనడిగింది?"

"నువ్వు చెప్పావు. నేను రాశాను. ఇది చదివింది."

"జోకొట్టమన్నది?"

"అదీ అంతేనమ్మా."

"రోజూ ఇంటన్నానండి. పాపక్కూడా ఇనిపించి పడుకోబెడతన్నాను."

నాకు చచ్చిపోవాలనిపించింది. ఒకసారి మొగుణ్ణి సముద్రం తీసుకుపోయింది. రెండోసారి నేను తీసుకుపోయాను. కొండ జాడ మూత మూసేసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరగడం చూశాను.

లోవరాజు షెల్టర్ బయట, మెట్ల కింద ఎండలో నిలబడి ఉన్నాడు. వెలివేసినవాడు లోపలికి రాకూడదు. నూకరత్నం లేచి గుమ్మం దాకా వెళ్లింది.

"లోవా, పడవలో మాయాయన నా గురించి ఏటన్నాడు?"

అతను పెద్దలు అడిగినప్పుడు చెప్పలేదు, నేను అడిగినప్పుడు చెప్పలేదు. ఇప్పుడూ చెప్పడనుకున్నాను. కానీ తల పైకెత్తాడు.

"ఏటీ అన్లేదు రత్నం."

"పొద్దున్న గొడవ సంగతి?"

"ఎత్తనే లేదు. కులాసాగా ఉన్నాడు. పాటలు కూడా పాడేడు. ఆడికి నీ మీద కోపమేటీ లేదు."

నూకరత్నం అతన్ని చాలాసేపు అలాగే చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఎదుటి మనిషి చెప్పింది నమ్మనప్పుడు నేనూ అలాగే చూస్తాను. అయిపోయింది, ఇతను మళ్లీ దొరికిపోయాడు అనుకున్నాను. ఆమె వెనక్కి తిరిగి అప్పలస్వామితో మాట్లాడింది.

"మామా, మాయాయనకి కోపమొత్తే మూడ్రోజులు తగ్గదు. కూరలో ఉప్పెక్కువైతేనే ఊరంతా సెప్పుకుని తిరిగేవోడు. అంత మాట పడి పడవెక్కినోడు పాటలు పాడతాడా? ఎక్కిన కాడ్నించీ నన్ను తిట్టే ఉంటాడు. తిడతానే పోయుంటాడు. అది ఈడొక్కడికే తెలుసు. మీరడిగితే సెప్పలేదు. ఎలేసినా సెప్పలేదు. నానే పంపేనని ఒక్క మాట సెప్తే ఈడి మీద జాలి పడేవోళ్లే గదా మీరంతా. సెప్పలేదు. ఇప్పుడు నాను మొకమ్మీద అడిగినా అబద్ధమే ఆడతన్నాడు."

పాపని ముసలావిడ దగ్గర్నించి తీసుకుని భుజాన వేసుకుంది.

"నా కోసం ఇంత అబద్ధమాడేవోడు డబ్బా లాక్కోడు మామా."

అప్పలస్వామి బల్ల మీద పక్కకి జరిగి చోటిచ్చి, లోవరాజుని లోపలికి రమ్మన్నాడు.